మావయ్య తరఫున తిన్నవాళ్ళు

మా మావయ్య తీపి తినడం మానేశాడు. కానీ తీపిని వదల్లేదు. తను ముట్టడు. ఎవరినో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టి, వాళ్ళ చేత తినిపించి, ఎలా ఉందో చెప్పించుకుంటాడు. విన్నాక ఓ నిట్టూర్పు విడిచి, "అమ్మయ్య, తిన్నట్టే ఉంది" అంటాడు. ఆయనకలా తిన్నట్టే ఉండడం కోసం మేమందరం నిజంగా తిని తిని ఏమైపోయామో తర్వాత చెప్తాను.

చెప్పడమంటే ఆషామాషీగా చెప్తే ఒప్పుకునే మనిషి కాదు. మావయ్యది కళ్ళజోళ్ళ దుకాణం. చూపు సరిగా ఆనని వాళ్ళ కళ్ళముందు అద్దాలు మార్చి మార్చి పెట్టి, "ఇది నయమా? ఇప్పుడు? పోనీ, ఇందాకటిదే నయమా?" అని అడగడం ఆయన బతుకుతెరువు. కేకు దగ్గరా అదే పద్ధతి.

"మొదటి ముక్క క్రీముతో తిన్నావు కదమ్మాయ్. ఇప్పుడు క్రీము లేకుండా తిను. ఏది నయం?"

"రెండూ బాగున్నాయి మావయ్యా."

"బాగున్నాయేమిటి! అక్షరాలు కనిపిస్తున్నాయా అని అడిగితే బాగున్నాయి అంటారా ఎవరైనా? ఏ వరస దాకా చదవగలరో చెప్పాలి. తీపి నాలుక చివర తగిలిందా? గొంతులోకి జారేటప్పుడు తగిలిందా?"

ఆ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగించే పని నాది. కాబట్టి ఆ పరీక్షలన్నిటికీ మొదటి బలిపశువునీ నేనే.

ఇదంతా మా డాక్టరు గారు మొదలుపెట్టిన గొడవ. రక్తపరీక్ష చూసి, "ఒళ్ళు తగ్గించాలి, తీపి మానాలి. మానకపోతే మాత్రలు. మాత్రలకీ లొంగకపోతే సూదులు" అన్నారు. మావయ్యకు సూది పేరు చెబితేనే ముచ్చెమటలు పోస్తాయి. ఆ క్షణంలోనే తీపి మానేస్తున్నానని ప్రకటించాడు. ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది, మా దుకాణానికి సరిగ్గా ఎదురుగా బేకరీ ఉందని.

పాపం, మొదట్లో చాలా పాట్లు పడ్డాడు. బేకరీ కనిపించకుండా కుర్చీని గోడవైపు తిప్పుకున్నాడు. వచ్చినవాళ్ళకు ఆయన వీపు తప్ప ఏమీ కనిపించేది కాదు. అలా వీపు తిప్పి కూర్చున్న మనిషి చేత కళ్ళు చూపించుకోవడానికి ఎవరు మాత్రం ఇష్టపడతారు? తర్వాత, తినాలనిపించినప్పుడల్లా పళ్ళు తోముకుంటే కోరిక చచ్చిపోతుందని ఎవరో చెప్పారు. జేబులో పెన్ను పక్కన బ్రష్షు చేరింది. నోటి నిండా నురగతో "హిఖ్ఖడ హూడండి" అంటూ అక్షరాల బోర్డు చూపించేసరికి, ఓ పెద్దావిడ కళ్ళు పరీక్షించుకోకుండానే వెళ్ళిపోయింది.

ఒక మధ్యాహ్నం నేను క్రీము బన్ను తింటుంటే గుడ్లప్పగించి చూశాడు. "ఎలా ఉందే?" అన్నాడు. ఏదో మాటవరసకు నేను వివరంగా చెప్పాను. మెత్తగా ఉందని, లోపల క్రీము చల్లగా తగులుతోందని, పంచదార పళ్ళకింద కరకరమంటోందని. మావయ్య కళ్ళు మూసుకుని విని, గుటక వేసి, హాయిగా వెనక్కి వాలాడు. అంతే, మా కొంప మునిగింది.

నా తర్వాత అత్తయ్య వంతు వచ్చింది. ఆ తర్వాత డాక్టరు గారిది. ఆయన కొత్త కళ్ళజోడు కోసం వస్తే, పరీక్ష ఫ్రేము ముక్కుమీద ఉండగానే చేతిలో జాము బిస్కెట్టు పెట్టాడు మావయ్య.

"నాకెందుకయ్యా ఇది?"

"మానమన్నది మీరే కదండీ. మందు రాసినవారు బాధ్యత కూడా తీసుకోవాలి. కొరకండి. జాము ముందు తగిలిందా, బిస్కెట్టా?"

డాక్టరు గారు కొరికారు. రెండోది అడక్కుండానే తీసుకున్నారు. కొన్నాళ్ళకు ఆయన బెల్టుకు కొత్త చిల్లు పొడిపించుకున్నారని విన్నాం. నా బట్టలు కుట్లు విప్పి వదులు చేయించాల్సి వచ్చింది. అత్తయ్య అయితే ఒకరోజు పళ్ళెం టేబులు మీద ఠపీమని పెట్టి, "మీరు సన్నబడాలని నేను పీపాలా తయారవుతున్నాను. ఇక నా వల్ల కాదు, వేరే మనిషిని చూసుకోండి" అనేసింది.

వేరే మనిషి మా దుకాణం, ఇల్లు ఉన్న మేడలోనే పై అంతస్తులో దొరికారు. ఆయన్ని మేము ఈల మాస్టారు అంటాం. బళ్ళో పిల్లల చేత కసరత్తులు చేయించిన మనిషి. పని మానేసి ఎన్నాళ్ళయినా మెడలో ఈల మాత్రం తియ్యలేదు. ఆయన నడుస్తుంటే మెట్లు కూడా సర్దుకుని నిలబడతాయా అనిపించేది. అలాంటి మాస్టారికి ఆ మధ్య పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ నాలుకకు రుచి, ముక్కుకు వాసన పట్టుకుపోయింది. ఏం పెట్టినా మట్టి తిన్నట్టుందని పళ్ళెం తోసేసేవారు. మనిషి చిక్కి సగమయ్యారు. తిండి ఇలాగే మానేస్తే ఆస్పత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సిందేనని డాక్టరు గారు చెప్పేశారు. మాస్టారి కూతురు మా అత్తయ్య దగ్గరకొచ్చి, "నాన్న బతకాలనుకోవట్లేదు పిన్నీ" అని భోరుమంది.

మావయ్య ఆ మాట విన్నాడు. సాయంత్రం ఎదురింటి బేకరీ నుంచి కేకు తెప్పించాడు. "పళ్ళెం పట్టుకుని నా వెనకాల రా" అన్నాడు. ఎక్కడికని అడిగితే పైకి చూపించాడు.

అత్తయ్య దారికి అడ్డం నిలబడింది. "ఆ మనిషి మంచంలో ఉంటే మీ జిహ్వ చాపల్యం ఆయన మీద రుద్దుతారా? సిగ్గుండాలి!"

"ఉంటే ఇంత లావవుతానా?" అని మావయ్య పక్కకు తిరిగి దూరి వెళ్ళిపోయాడు. నాకైతే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మాస్టారు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. మావయ్య ఆయాసపడుతూ మంచం పక్కన కూలబడ్డాడు.

"మాస్టారూ, మీరే నన్ను కాపాడాలి."

"నేనే పోయేలా ఉన్నానయ్యా. నిన్నేం కాపాడతాను?"

"మీకు రుచి తెలియట్లేదట కదా. ఎంత అదృష్టం!"

మాస్టారి కూతురు మావయ్యను కళ్ళతోనే కాల్చేసింది. ఆయన పట్టించుకోలేదు.

"వీళ్ళందరూ తిని, అద్భుతం, అమోఘం అంటారు. వింటుంటే నోరూరి చస్తున్నాను. ఎన్నాళ్ళు ఆగగలను చెప్పండి? మీరైతే ఒక ముక్క తిని, ఛీ, మట్టిలా ఉందని గట్టిగా అంటారు. దాంతో నా కోరిక చచ్చిపోతుంది. లేకపోతే నాకు సూదులు తప్పవు మాస్టారూ."

మాస్టారు మెల్లగా ఇటు తిరిగారు. మావయ్యను పైనుంచి కిందిదాకా చూశారు. "అంటే నీకు క్రమశిక్షణ లేదన్నమాట."

"బొత్తిగా లేదు."

"లేచి నిలబడు. వీపు నిటారుగా పెట్టు. పొట్ట లోపలికి."

మావయ్య నిలబడ్డాడు. పొట్ట లోపలికి వెళ్ళలేదు కానీ ప్రయత్నం చేసింది. మాస్టారు దిండుకు ఆనుకుని కూర్చుని, ఓ ముక్క నోట్లో పెట్టుకున్నారు.

"మట్టి."

"ఎలాంటి మట్టి? ఎండిందా, తడిదా?"

"ఎండు మట్టి."

"ఇప్పుడు క్రీముతో."

"తడి మట్టి."

"ఏది నయం?"

మాస్టారు కాస్త ఆలోచించారు. "తడిదే నయం. కనీసం గొంతు దిగుతోంది."

"ఆహా! నా కోరిక చచ్చింది. ఇంకొక్క ముక్క తిన్నారంటే దానికి దినం కూడా అయిపోతుంది."

ఇంకొకటి తిన్నారు. మాస్టారి కూతురు గుమ్మం దగ్గర చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

మర్నాటి నుంచి మావయ్య కోరికలు కట్టలు తెంచుకున్నాయి. పొద్దున గుడ్డు మీద మనసు పోయేది. మధ్యాహ్నం బ్రెడ్డూ వెన్నా. సాయంత్రం సూపు. పుట్టి బుద్ధెరిగాక సూపు మొహం చూడని మనిషికి సూపు మీద ఆశేమిటో మాకెవరికీ అర్థం కాలేదు. అన్నిటికీ పైకి ఎక్కడమే. మాస్టారు కూడా ఊరికే తినేవారు కాదు. "ముందు ఉన్నచోటే పరుగెత్తు. మోకాళ్ళు పైకి! నీకు చెమట పట్టందే నేను నోరు తెరవను" అనేవారు. మా నెత్తిమీద ధబధబమని చప్పుడయ్యేది. తర్వాత చెంచా పళ్ళానికి తగిలేది. ఆ తర్వాత "మట్టి" అని వినిపించేది. ఆ మాట రోజురోజుకూ గట్టిగా వినిపిస్తుంటే మాస్టారికి బలం వస్తోందని మాకు తెలిసేది. కొన్ని వారాలకు ఈల కూడా మోగింది.

ఒకరోజు డాక్టరు గారు కళ్ళజోడు మర వదులైందని దుకాణానికి వచ్చారు. మావయ్య అప్పుడు పైన పరుగెత్తుతున్నాడు.

"మీ మావయ్య ఇప్పుడు హాయిగా తింటున్నాడా అమ్మాయ్?" అన్నారు.

"ఎక్కడండీ! తీపి ముట్టనే ముట్టడు కదా."

"అదేమిటి? రక్తం మామూలుకి వచ్చింది, అప్పుడప్పుడూ ఓ ముక్క తిన్నా పర్లేదని చెప్పి ఎన్నాళ్ళయిందీ!"

నా చేతిలో మర జారి కిందపడింది. మావయ్య తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ దిగి రాగానే నిలదీశాను.

"గట్టిగా అరవకే" అన్నాడు, పైకి చూస్తూ. "నేను తినడం మొదలెడితే ఇంక మాస్టారికి పనేముంది? తన కోసం తినమంటే తినే మనిషా ఆయన? నన్ను బాగుచేస్తున్నాననుకుని తింటున్నాడు. ఇంకొంచెం పుంజుకోనీ. నాదేముంది, అలవాటైపోయింది." ఆ మాట అంటూనే బేకరీ వైపు చూసి గుటక మింగాడు. ఇంటిల్లిపాదీ తిండిపోతని వెక్కిరించిన మనిషి అంత ఇష్టమైనదాన్ని ఇంకొకరి కోసం దూరం పెట్టుకుంటున్నాడని తెలిసి నాకు ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. అక్కడే కౌగిలించుకున్నాను. ఇప్పుడు నా చేతులు చుట్టూ అందాయి కూడా.

రెండు రోజుల తర్వాత దుకాణంలో జనం ఎక్కువగా ఉంటే పళ్ళెం నేనొక్కదాన్నే ఇచ్చి వచ్చాను. చెంచా మర్చిపోయానని గుర్తొచ్చి వెనక్కి వెళితే, మాస్టారు కళ్ళు మూసుకుని వేలితో క్రీము తీసి నాకుతున్నారు. మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగిపోతోంది.

"మాస్టారూ! రుచి తెలుస్తోందా?"

ఆయన ఉలిక్కిపడ్డారు. "తలుపు వెయ్యి. మీ మావయ్యకి చెప్పావంటే ఊరుకోను. బాగుందని ఒక్కసారి నా నోట విన్నాడంటే ఇంక ఆగలేడు. మళ్ళీ లావెక్కుతాడు, సూదులు పడతాయి. నేను మట్టి అంటున్నన్నాళ్ళే ఆ మనిషికి రక్ష."

"అబద్ధం ఆడుతున్నారా మాస్టారూ?"

"ఏం చెయ్యను? క్రమశిక్షణ లేని మనిషి. కానీ మంచివాడు."

ఆ రెండు రహస్యాలతో నా కడుపు ఉబ్బిపోయింది. పైన ఒకరు, కింద ఒకరు. మధ్యలో ఎవరినీ చూసి నవ్వలేక, ఎవరికీ చెప్పలేక సతమతమై, చివరికి అత్తయ్య చెవిన వేశాను. అత్తయ్య అంతా విని ముక్కుమీద వేలేసుకుంది. తర్వాత కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ తర్వాత కేకు తెప్పించింది.

ఆదివారం మాస్టారు తన కాళ్ళమీద తనే మెట్లు దిగి మా ఇంటికొచ్చారు. టేబులు మీద రెండు పళ్ళాలు ఉన్నాయి.

"రెండోది ఎవరికి?" అన్నాడు మావయ్య.

"మీకే. మాస్టారూ, ఈయన తీపి తినొచ్చని డాక్టరు గారు ఎప్పుడో చెప్పేశారు. మీ కోసం మానేసి కూర్చున్నారు. ఏమండీ, ఆయన నాలుక ఎప్పుడో తిరిగొచ్చింది. మీ కోసం మట్టి అంటున్నారు. అయిపోయింది కదా? ఇక ఇద్దరూ తినండి" అంది అత్తయ్య.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత కేకు వైపు చూశారు. ముందు మాస్టారు తీసుకున్నారు. తర్వాత మావయ్య. మావయ్య మొదటి ముక్కను ఎంతసేపు నమిలాడంటే, మింగడం మర్చిపోయాడేమోనని నాకు భయం వేసింది.

"నిజం చెప్పండి మాస్టారూ. రుచి ఎప్పుడొచ్చింది?"

"నీకు తినొచ్చని డాక్టరు ఎప్పుడు చెప్పాడో, ఇంచుమించు అప్పుడే అయ్యుంటుంది."

"అంటే ఇన్నాళ్ళూ నేను కడుపు మాడ్చుకున్నదీ దండగే, మీరు అబద్ధమాడిందీ దండగే!"

"దండగని ఎవరన్నారు?" మాస్టారు జ్వరానికి వదులైపోయిన తన చొక్కా గుండీలు ఇప్పుడెంత బిగుతయ్యాయో చూపించారు. మావయ్య పొట్ట వైపు కూడా ఓసారి చూశారు. "ఇంక మాట్లాడకుండా తిను. తిన్నాక పరుగెత్తిద్దాం."