సీటు మీద నీలం గళ్ళ రుమాలు

ఖాళీ సీటు కనిపిస్తే జయసాగర్ గారి చెయ్యి ఊరుకోదు. జేబులోంచి నీలం గళ్ళ రుమాలు తీసి దాని మీద పరిచేస్తారు. ఆయన కూర్చోవడానికి ఎటూ ఒక సీటుంటుంది. అయినా సరే, పక్క సీటు మీద రుమాలు పడాల్సిందే. బస్సయినా, రైలయినా, డాక్టరు దగ్గర వెయిటింగ్ రూమయినా, పుట్టినరోజు విందయినా ఆయనకు ఒకటే. పాలకొల్లులో చదువుకునే రోజుల్లో, స్టాండులోకి వస్తున్న బస్సు కిటికీలోంచి రుమాలు విసిరి సీటు పట్టడంలో ఆయన్ని మించినవాడు లేడని ప్రతీతి. మ్యూనిక్ వచ్చాక ఇంజనీరుగా పేరొచ్చింది, జర్మన్ పాస్‌పోర్టొచ్చింది, బట్టతలా వచ్చింది. రుమాలు మాత్రం పోలేదు.

ఆయన పోగొట్టుకుందామన్నా జర్మన్లు పోనివ్వరు. పాలకొల్లులో సీటు మీద రుమాలుంటే అది శాసనం. ఇక్కడ అది ఎవరో పాపం పారేసుకున్న వస్తువు. ఆయన అలా పరచగానే ఎవరో ఒక మహాతల్లి దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, "మీది పడిపోయిందండీ," అని భద్రంగా చేతికిస్తుంది. ఆయన థాంక్స్ చెప్పి మళ్ళీ పరుస్తారు. ఆవిడ మళ్ళీ తీసిస్తుంది. ఒకసారి రైలు దిగుతూ మరిచిపోతే రుమాలు ఫుండ్‌బ్యూరోకి, అంటే దొరికిన వస్తువుల ఆఫీసుకి చేరింది. రెండోసారి అక్కడికి వెళ్ళేసరికి ఆయన నోరు విప్పకముందే కౌంటరు మనిషి "నీలం గళ్ళదే కదా?" అని లేచి తెచ్చిచ్చాడట.

"ముక్కు తుడుచుకోడానికి మాత్రం తియ్యరమ్మా. దానికి టిష్యూ అంట, కర్చీఫ్ సీటుకేనంట," అంటారు ఆయన భార్య దయావతి. "మా పెళ్ళిలో నా కుర్చీ మీదా వేసేరు. నేనెక్కడికి పోతానని?"

ఈ ముచ్చట్లన్నీ హెప్సీకి కంఠతా వచ్చు. నరసాపురం నుంచి నర్సుగా వచ్చి నాలుగు నెలలే అయింది. మొదటి ఆదివారం తెలుగువాళ్ళ ప్రార్థనకు బయల్దేరి, ఎదురు దిక్కు రైలెక్కి, ఆలస్యంగా చేరింది. హాలు నిండిపోయింది. గుమ్మంలో బిక్కమొహం వేసుకుని నిలబడితే ముందు వరసలోంచి ఒక చెయ్యి లేచింది. జయసాగర్ గారు పక్క కుర్చీ మీది రుమాలు తీసి, "రామ్మా, కూర్చో," అన్నారు.

"ఎవరికో ఉంచారు కదా అంకుల్?"

"ఆయ్, వచ్చేవాళ్ళకి."

పాపం, ఆయన ఎవరికోసమో ఉంచితే వాళ్ళు రాలేదు కాబోలనుకుంది హెప్సీ. తర్వాత ఏ ఆదివారం చూసినా ఆయన పక్క కుర్చీ మీద అదే రుమాలు, ఎవరడిగినా అదే జవాబు. "అంకుల్ యేసుప్రభువు రెండో రాకడకి సీటు ఆపుతున్నారు," అని నోయెల్ అనే కుర్రాడు అంటే హాలంతా నవ్వేది. అందరికంటే ముందు జయసాగర్ గారే నవ్వేవారు.

జనవరి వచ్చింది. మూడు వారాలుగా మ్యూనిక్ మీద గిన్నెకి మూత పెట్టినట్టు మబ్బు. ఒక శనివారం పొద్దున మూత తీసినట్టు ఎండ కాసింది. హెప్సీ ఇంతవరకూ మంచుకొండ ఎరగదు. హాస్టల్లో పక్క మంచం, ఆస్పత్రిలో పక్క మంచం, నాలుగు నెలలుగా పక్కన మనిషి లేని పూట లేదు. ఇవాళ ఒక్కదాన్నే వెళ్తాను, ఎవరితోనూ మాట్లాడను అని గట్టిగా అనుకుంది. చిక్కల్లా ఒక్కటే. ఆ రాత్రి మొట్టమొదటిసారి వార్డు మొత్తం ఆమె చేతికి ఇస్తున్నారు. "మొదటి రాత్రి ఆలస్యంగా వచ్చేవాళ్ళకి రెండో రాత్రి ఇవ్వను," అని హెడ్ నర్సు ముందే చెప్పేసింది.

రైల్లో ష్లియర్‌జే సరస్సు దాకా వెళ్ళి, అక్కడ పైనున్న స్పిట్జింగ్‌జే సరస్సుకి పోయే బస్సెక్కింది. ఎక్కీ ఎక్కగానే ఆగిపోయింది. రెండో వరస సీటు మీద నీలం గళ్ళ రుమాలు! కిటికీ పక్కన, ఉన్ని టోపీలో జయసాగర్ గారు. ఏటా చలికాలంలో ఒకరోజు ఆయన ఒంటరిగా కొండకి పోతారని, "అది నా సెలవురోజు," అని దయావతి ఆంటీ అనడం అప్పుడు గుర్తొచ్చింది. హెప్సీ మఫ్లర్ కళ్ళదాకా లాక్కుని గబగబా వెనక సీటుకి పోయి నక్కింది. ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. అంకుల్ కళ్ళజోడు మార్చాలి అనుకుని ఊపిరి పీల్చుకుంది.

పైన సరస్సు గడ్డకట్టి, ఎక్కడ నీరో ఎక్కడ నేలో తెలియనంత తెల్లగా ఉంది. అడుగేస్తే మంచు ఉప్పురాశి మీద నడిచినట్టు కరకరలాడింది. దూరంగా పిల్లలు చెక్కబండి మీద జారుతున్నారు. హెప్సీకి ఎందుకో కళ్ళు నిండాయి. ఇంత అందం తన కళ్ళబడుతుందని నరసాపురంలో ఎవరు చెప్పినా నమ్మేది కాదు. "వందనాలు ప్రభువా," అని పైకే అంది. ఏమన్నావని అడిగేవాళ్ళు లేకపోవడం ఎంత హాయో! ఆ హాయిలో సరస్సు చుట్టూ నడుస్తూ టైము సంగతే మరిచిపోయింది. గుర్తొచ్చేసరికి బస్సు అవతలి ఒడ్డున ఉంది.

పరుగెత్తింది, రెండుసార్లు పడింది, మళ్ళీ లేచి పరుగెత్తింది. బస్సు తలుపు దగ్గర స్కీయింగ్ వాళ్ళు గుమిగూడి ఉన్నారు. మలుపుల దారి, మళ్ళీ మంచు మొదలైంది, నిలబడేవాళ్ళని ఎక్కించను, గంటలో ఇంకో బస్సొస్తుంది అని డ్రైవరు చెబుతున్నాడు. గంటంటే రైలు పోయినట్టే. రైలు పోతే వార్డూ పోయినట్టే. "నాకు డ్యూటీ ఉందండీ," అని హెప్సీ బతిమాలింది. కంగారులో అది తెలుగులో వచ్చింది.

"హెప్సీ! ఇటమ్మా, ఇటు! సీటుంది!"

కిటికీలోంచి రుమాలు ఊగుతోంది. డ్రైవరు ఆమెని ఎగాదిగా చూసి, "ఓహో, రుమాలు సీటు మీదేనా? ఎక్కండి, ఎక్కండి!" అన్నాడు. ఆమె లోపలికి రాగానే బస్సంతా చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లెందుకో ఎదురు సీటావిడ చెప్పింది. ఆ రుమాలు పడిపోయిందనుకుని ముగ్గురు మర్యాదగా తీసి ఆయన చేతికిచ్చారట. ముగ్గురికీ దండం పెట్టి ఆయన మళ్ళీ పరిచారట. ఆఖరికి, ఒక నర్సు రావాలి, ఇవాళ ఆమెకి వార్డు అప్పగిస్తున్నారు అని ఆయన చెప్పాక, "తర్వాత వచ్చినవాళ్ళకి మేమే అడ్డుపడ్డాం," అంది ఆవిడ గర్వంగా.

"పొద్దున నన్ను చూశారా అంకుల్?"

"చూడకేమమ్మా? మఫ్లర్ కళ్ళదాకా లాక్కున్నావు. ఒంటరిగా ఉందామని వచ్చిన పిల్లని పలకరిస్తే పాపం కదూ! మీ ఆంటీ డ్యూటీ సంగతి చెప్పిందిలే."

హెప్సీకి సిగ్గుతో తల పైకి లేవలేదు. ఇంతలో తలుపు దగ్గర చేతికర్రతో ఒక ముసలావిడ కనిపించింది. జయసాగర్ గారు చటుక్కున లేచి, ఆవిణ్ణి పిలిచి తన సీట్లో కూర్చోబెట్టి, దిగిపోయారు.

"అంకుల్, మరి మీరూ?"

"నాకేం వార్డుందా? ఇంకో బస్సొస్తుంది కదా."

బస్సు కదిలింది. ఆయన మంచులో నిలబడి ఉత్త చెయ్యి ఊపారు. రుమాలు హెప్సీ ఒళ్ళోనే ఉండిపోయింది. ఆమె దయావతికి ఫోన్ చేసింది.

"ఆంటీ, అంకుల్ నా మూలంగా మంచులో దిగిపోయారు!"

"దిగుతారు, ఆయనకేం కొత్త? ఏమే, ఆ కర్చీఫ్ పాత అలవాటనుకుంటున్నారా మీరంతా? వచ్చిన కొత్తలో ఆఫీసు క్యాంటీన్లో ప్లేటు పట్టుకుని నిలబడేవారంట. కుర్చీలు బోలెడు. ఇటు రమ్మనేవాళ్ళే లేరు. ఒక చలికాలమంతా కిటికీ దగ్గర నించునే తిన్నారు. అప్పట్నుంచీ ఎక్కడికెళ్ళినా పక్క సీటు ఆపుతారు. ఎవరో ఒకరు కొత్తవాళ్ళు గుమ్మంలో నిలబడతారు కదా అని. నోయెల్‌గాడు నవ్వుతాడే, వాడూ మొదటి ఆదివారం అక్కడే కూర్చున్నాడు!"

మొదటి ఆదివారం తను కూర్చున్నది ఎవరో రాకపోతే మిగిలిన సీటు కాదు. ఆ సీటు మొదటినుంచీ ఆమెదే. ఆ సంగతి తెలిసి, దేవుడికి ఎన్నిసార్లు వందనాలు చెప్పుకున్నా హెప్సీకి తనివి తీరలేదు. ఆ రాత్రి వార్డుకి అందరికంటే ముందు చేరింది.

మరుసటి ఆదివారం జయసాగర్ గారు మొదటిసారి ప్రార్థనకి ఆలస్యంగా వచ్చారు. కొండ మీద పట్టిన జలుబు ఇంకా వదల్లేదు. హాలు నిండిపోయింది. గుమ్మంలో నిలబడి తుమ్మబోతుండగా ముందు వరసలోంచి ఒక చెయ్యి లేచింది. హెప్సీ పక్క కుర్చీ మీద, ఉతికి ఇస్త్రీ చేసిన నీలం గళ్ళ రుమాలు.

"ఎవరికమ్మా ఇది?"

"ఆయ్, వచ్చేవాళ్ళకి అంకుల్."

ఆయన కూర్చుని గట్టిగా తుమ్మారు. టిష్యూ కోసం జేబులన్నీ వెతుక్కున్నారు, లేదు. హెప్సీ రుమాలు అందించింది.

"దీంతోనా? ఇది సీటుదమ్మా!" అని ఉలిక్కిపడి, కోటు చేతికి ముక్కు తుడుచుకున్నారు. ఇంతలో అటు పక్కాయన పసిపిల్లని ఎత్తుకుని బయటికి వెళ్ళారు. జయసాగర్ గారు ఒకసారి గుమ్మం వైపు చూసి, రుమాలు మడత విప్పి ఆ కుర్చీ మీద పరిచారు.