పూజలో పెట్టిన సర్వర్

మద్రాసు చూలైలో కాగితాల హోల్‌సేల్ కొట్టు మేడమీద మా కంప్యూటర్ గది ఉండేది. తొంభైల నడిమిలో ఆ వీధి మొత్తానికీ సర్వర్ అన్నది మా కొట్టులోనే ఉండేది. అప్పటిదాకా సర్వర్ అంటే హోటల్లో ఇడ్లీ తెచ్చేవాడే కాబట్టి, అందరూ ముదలాళి అని పిలిచే మా యజమాని, మీ సర్వర్ కాఫీ ఎప్పుడు తెస్తాడని నన్ను ఆటపట్టించేవాడు.

కంప్యూటర్ మాటలన్నీ నాకు నేర్పింది అన్న. సొంత అన్న కాదు, మా వీధివాడు, నాకు ఆ ఉద్యోగం చూపించినవాడు. పేరూ పాస్‌వర్డూ ఇచ్చి సర్వర్‌లోకి వెళ్లడం లాగిన్ అనీ, ఎవరు ఏ ఫైలు చూడొచ్చో, ఏది మార్చొచ్చో తేల్చే అనుమతులు రైట్స్ అనీ, అన్ని రైట్సూ ఉన్నవాడు సూపర్‌వైజర్ అనీ చెప్పేవాడు. ఎన్నిసార్లు అడిగినా విసుక్కునేవాడు కాదు. ఇప్పుడెంత కోపమున్నా ఆ మాట కాదనలేను.

ఆ ఏడు దసరాకు ముందు ముదలాళి సూపర్‌వైజర్ పని అతని నుంచి తీసి నాకిచ్చాడు. అన్న కేబుల్ వేయడానికి గోడౌన్ల వెంట తిరుగుతుంటాడు, గదిలో ఉండేది నేనే కదా అన్నాడు. అన్న నవ్వుతూ స్వీట్లు పంచాడు. నా కాళ్లు నేలమీద నిలవలేదు.

ఆయుధపూజ సాయంత్రం తక్కెడకీ, కాగితాలు కోసే మిషనుకీ, సర్వర్‌కీ గంధం, కుంకుమ పెట్టారు. కంప్యూటర్లు వెలుగుతుంటేనే కళ అన్నాడు ముదలాళి. నేను సూపర్‌వైజర్‌గా లాగిన్ అయి తెర వెలిగించాను. హారతి అయ్యాక లాగౌట్ చేయబోతే అన్న ఆపాడు.

"పూజలో పెట్టినాక తాకగూడదమ్మా. రేప్పొద్దున నువ్వే కండ్లకద్దుకోని తియ్యి."

నిజమే అనిపించింది. పూజలో పుస్తకం పెడితే చదవం, కత్తెర పెడితే గుడ్డ కత్తిరించం. ఏ పాస్‌వర్డూ ఆ కుంకుమబొట్టంత గట్టి కాపలా కాదనుకుని తెర అలాగే వదిలి వెళ్లాను.

విజయదశమి పొద్దున తలస్నానం చేసి వెళ్లి, కీబోర్డుకు దణ్ణం పెట్టి చూస్తే తెర మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతోంది. కొట్టాను. తీసుకోలేదు. తప్పు కొట్టానేమోనని మళ్లీ కొడుతుంటే ముదలాళి కిందికి పిలిచాడు. అన్న ఆయన పక్కనే ఉన్నాడు.

నేను సర్వర్ తెరిచిపెట్టి పోయానట. ఎవరైనా వచ్చి ఫైళ్లు చెరిపేసి ఉంటే కొట్టు గతేమిటట. అన్న చూశాడు గనుక పాస్‌వర్డ్ మార్చి కాపాడాడట.

"తాకొద్దని నువ్వే కదన్నా అంటివి," అన్నాను.

"నేను పూజ సంగతి చెప్తిని. సర్వర్ సంగతి నీకు తెలీదా?"

కోపం తర్వాత వచ్చింది, ముందు సిగ్గేసింది. ముదలాళి, చిన్నపిల్ల పోనీలే అని, ఆ పని మళ్లీ అతనికే ఇచ్చాడు. ఆ 'పోనీలే' నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అన్న నాకు కొత్త లాగిన్ ఇచ్చాడు. ఫైళ్లు చూడొచ్చు, ఏదీ మార్చకూడదు.

అయినా మనసులో ఒక మూల, కొట్టు మంచికే చేశాడేమో, నేనే అపార్థం చేసుకున్నానేమో అనుకునేదాన్ని. అన్న కదా.

దీపావళి ముందు స్టాకు ఫైలు పాడైంది. టేపు మీదున్న నకలును తిరిగి సర్వర్‌లోకి ఎక్కించడం, గదిలో ఉండి టేపుల పని చూసేదాన్ని గనుక, నాకే వచ్చు. అతను నా కుర్చీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, కొంచెం చేసిపెట్టమన్నాడు.

"నాకు రైట్స్ లేవన్నా."

దానికేముంది అంటూ నా మీదుగా వంగి, సూపర్‌వైజర్‌గా లాగిన్ చేశాడు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు మాత్రం, నాకు కనబడకుండా కీబోర్డుకు ఎడమచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

నేను లేచి బ్యాగు తీసుకుని మెట్లు దిగాను.