బత్తలపల్లె మలుపు, ఒక ఇనుప ట్రైలర్

నాయన గాలిమరల రెక్కలు మోసే ట్రైలర్ నడిపేవాడు. చెన్నై హార్బర్‌కు వెళ్లినప్పుడల్లా అలాంటివే చిన్న ఇనుప బండ్లు కొని తెచ్చేవాడు. రబ్బరు టైర్లు, ఇంజన్ బండికి కొక్కెంతో తగిలించే పొడవాటి ట్రైలర్, అన్నీ అసలు బండిలాగే ఉండేవి. టీవీ పక్కన అద్దాల బీరువాలో పెట్టుకుని, మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు.

నేను డిగ్రీ చదువుతుండగా, బత్తలపల్లె దగ్గర మలుపులో ఆయన ట్రైలర్ వెనక చక్రాల కింద పడి మోటార్‌సైకిల్ మీద వస్తున్న ఒకాయన చనిపోయాడు. బెయిలు మీద ఇంటికొచ్చిన రోజే నాయన బీరువా తెరిచి, అన్నిటికంటే పొడవైన బండి తీశాడు. గచ్చు మీద దాన్ని తిప్పుతూ కూర్చునేవాడు. ఎవరొచ్చినా ప్రమాదం ఎట్లా జరిగిందో దాంతో చూపించేవాడు. అన్నం చల్లారిపోయేది. చుట్టాలు రావడం మానేశారు.

ఒక పొద్దున బండిని తువ్వాలులో చుట్టుకుని బయల్దేరాడు. "సచ్చిపోయినాయప్ప పెండ్లానికి సూపించాల" అన్నాడు.

"వద్దు నాయనా. ఆడ కొడతారు."

"కొట్టనీ."

ఒక్కడినే పంపలేక నేనూ బస్సెక్కాను.

ఆమె వసారాలో శనక్కాయలు ఒలుస్తోంది. మేమెవరమో చెప్పగానే చేతులు ఆగిపోయాయి. నాయన మోకాళ్ల మీద కూర్చుని బండిని నేల మీద పెట్టాడు. మోటార్‌సైకిల్‌కు బదులు దాని ఎడమ పక్కన ఒక శనక్కాయ పెట్టాడు.

"అద్దంలో చూసినామ్మా. ఆయన కనపడలే. ముందర బండి ఇట్ల తిరిగితే ఎనక చక్రాలు లోపలికి కోసుకొస్తాయి."

బండిని ఎడమకు తిప్పాడు. చక్రాలు కాయ మీదికెక్కాయి.

ఆమె వంగి చూసింది. తర్వాత కాయను జానెడు పక్కకు జరిపింది.

"ఇప్పుడు తిప్పన్నా."

తిప్పాడు. చక్రాలు ఖాళీ నేల మీద పోయాయి.

"ఇంత పక్కకు జరిగింటే సాలు గదా" అంది, ఎవరితోనో అన్నట్టు.

నాయన నుదురు నేలకు ఆనించి ఏడ్చాడు. నేనెంత లాగినా లేవలేదు.

"నువ్వు అబద్ధం చెప్తాండావని నేననలే" అంది ఆమె లోపలికి పోతూ. "అయినా ఇంగ రావద్దన్నా. నిన్ను చూస్తే నాకు కూడు దిగదు."

తలుపేసుకుంది.

రెండేళ్లకు కేసు కొట్టేశారు. నాయన మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. ఇప్పుడు రాప్తాడు దగ్గర ఒక గోడౌన్‌కు కాపలా ఉంటున్నాడు. బస్సు ఎడమకు తిరిగేటప్పుడల్లా కిటికీలోంచి తల బయటపెట్టి వెనక చక్రాల వైపు చూస్తాడు. కండక్టర్లు తిడతారు. నేను చొక్కా పట్టుకుని లోపలికి లాగుతాను.