ఎబినేజర్ శనివారం

శనివారం బంద్ పెట్టే బండ్ల మెకానిక్‌ను మీరు యాడన్న జూసిన్రా? నేనైతే సూసిన. మా పక్క షట్టరే. పేరు ఎబినేజర్. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాకు మలిగే రోడ్డు మీద వాని షాపు, దాని గోడకే ఆనుకొని నా కర్రీ పాయింటు. నా పేరు నీరజ. పొద్దుగాల పప్పు, కూరలు, పులుసు. సాయంత్రమైతే మిర్చి బజ్జీలు. నా నోరు జర పెద్దదని బస్తీల అందరికీ తెలుసు, మీకు కూడ ముందే జెప్తున్న.

శనివారమంటే మెకానిక్‌కు ఏందో తెలుసా? పండుగ. హబ్సిగూడ దిక్కు సైన్సు ఆఫీసులోళ్ళకు, సాఫ్ట్‌వేరు పోరలకు ఆ రోజే సెలవు. వారమంతా సతాయించిన బండిని ఆ రోజే తోలుకొస్తరు. ఎబినేజర్ షాపు ముంగట బండ్లు రోడ్డు దాక నిలవడేవి. బండి అయ్యేదాక మనిషి ఊకె నిలవడతడా? నా తాన బజ్జీలు తింటడు, ఇంటికి ఓ కూర కట్టించుకుంటడు. అంటే వాని గిరాకీ ఎనకాల్నే నా గిరాకీ.

గసుంటిది, ఒక శుక్రవారం సాయంత్రం గీ మనిషి రేకు బోర్డొకటి రాయించుకొచ్చి షట్టర్‌కు తగిలిస్తుండు. పోయి సదివిన. ‘శనివారం సెలవు. ఆదివారం మధ్యాహ్నం నుంచి షాపు ఉంటుంది.’

“ఏంది తమ్మి, పిచ్చి గిట్ల లేసిందా?” అన్న, చేతిల గరిటె చేతిల్నే ఉంది.

“లేదక్కా. శనివారం ఇంట్ల ఉండాలె.”

“ఇంట్ల ఏం పని?”

“పనేం లేదక్కా.”

పనేం లేదంట! కడుపు మండిపోయింది నాకు. పనుండి బంద్ పెడితే ఒక తీరు, పని లేక బంద్ పెడితే ఏమనాలె? ఆ రోజు వానికి చాయ్ గూడ పొయ్యలే. వాడు మాత్రం ఎప్పటిలెక్కనే నవ్విండు, చేతులు సర్ఫుతోని రుద్దుకొని కడుక్కున్నడు, పోయిండు.

వాని సంగతి జర జెప్పాలె. బక్కగ, పొడుగ్గ ఉంటడు. ఎన్నడు గట్టిగ మాట్లాడడు. బాగున్న సామాను పోయిందని జెప్పి కొత్తది అంటగట్టే బుద్ధి వాని ఒంట్ల లేదు. చిన్న పనికి పైసలు ఇయ్యబోతే “పోనీ సార్, ఊకె బిగించిన” అంటడు. గిట్ల జేస్తే ఎప్పుడు బాగుపడతవ్ రా అని నేను మస్తు సార్లు తిట్టిన. నవ్వుతడు. ఆ నవ్వుకు ఎదురు జెప్పుడు మా అసుంటోళ్ళతోని కాదు.

ఇగ బోర్డు పెట్టినంక బస్తీల ఒక్కొక్కరు ఒక్కొక్క కథ అల్లిన్రు. రైల్వేల పనిజేసి రిటైరైన గంగాధరరావు సారు పాత స్కూటర్ తోసుకుంట వచ్చి, మూసిన షట్టర్ జూసి, “శనివారం వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాడా అమ్మా?” అని అడిగిండు. “అయ్యో సార్, వాళ్ళు చర్చికి పోయేటోళ్ళు” అన్న. సారు నాలుక కరుసుకున్నడు.

చర్చోళ్ళ కథ ఇంకో తీరు. ఎబినేజర్‌వాళ్ళ చర్చిల ఆరాధన ఆదివారం. వేరే చర్చోళ్ళున్నరు, వాళ్ళు శనివారమే విశ్రాంతి దినమని ఆ రోజే ఆరాధన జేస్తరు. మరి గీయన శనివారం షట్టర్ దించిండు, ఆదివారం తెరుస్తుండు. జూసేటోళ్ళకు ఏమనిపిస్తది? ‘ఎబినేజర్ శనివారపోళ్ళల్ల కలిసిండంట’ అని చెవులు కొరుక్కున్నరు. ఆ మాట పాస్టర్ అయ్యగారి దాక పోయింది. ఆయన ఇద్దరు పెద్దమనుషులను ఎంటవెట్టుకొని, చేతుల బైబిళ్ళు వట్టుకొని, ఒక శనివారం పొద్దున నా షాపు ముంగట దిగిండు.

“అమ్మా, ఎబినేజర్ ఇల్లు ఎక్కడ?”

“నేను జూపిస్త అయ్యగారూ, రాన్రి” అన్న. పొయ్యి మీద పులుసు మరుగుతుంది, దాన్ని దించి మరీ పోయిన. ఏం జేస్తున్నడో సూడాలని నాకు లేదా ఏంది?

ఎనక గల్లీల రెండో అంతస్తు. తలుపు తెరిచే ఉంది. లోపల చాప మీద వాని భార్య షైనీ గోడకు ఒరిగి కూసుంది. ఉప్పల్ల ఓ ప్రైవేటు దవాఖానాల నర్సు ఆ పిల్ల. కాళ్ళు సాపి వాని ఒడిల పెట్టింది. వీడు కొబ్బరినూనె వెచ్చవెట్టి ఆ పాదాలు పిసుకుతుండు. ఆమె దవాఖానాల ముచ్చటేదో జెప్తుంది. సూదంటే భయపడే ఓ ముసలాయన, నర్సమ్మ పాట పాడితేనే చెయ్యి ఇస్తనన్నడంట. పాట పాడి సూది ఏస్తే, పాట బాగలేదని తిట్టిండంట. ఇద్దరు కడుపు వట్టుకొని నవ్వుతున్నరు. గుమ్మంల బైబిళ్ళతోని ముగ్గురు, వాళ్ళ ఎనక నేను.

షైనీ గబుక్కున కాళ్ళు తీసుకుంది. “వందనాలు అయ్యగారూ” అనుకుంట ఎబినేజర్ నూనె చేతులతోని లేసిండు.

అయ్యగారు గొంతు సవరించుకున్నడు. “మరి... ఇయ్యాల ఆరాధనకు పోలేదా బాబూ?”

“ఇయ్యాల ఏం ఆరాధన అయ్యగారూ?”

అప్పుడు సమజైంది అందరికి. ఓ పెద్దమనిషి నవ్వు ఆపుకోలేక కిటికీ దిక్కు తిరిగిండు. అయ్యగారు మాత్రం, “మరి ఆదివారం షాపు తెరుస్తున్నవ్ గదా?” అన్నడు.

“ఆరాధనకు వచ్చినంకనే తెరుస్తున్న అయ్యగారూ. షైనీ గూడ పొద్దుటి ఆరాధనకు వచ్చి అట్లనే డ్యూటీకి పోతది. ఆమెకు సెలవు శనివారం. ఎంత అడిగినా దవాఖానోళ్ళకు మార్చుడు కుదరలే. నాకు సెలవు ఆదివారం ఉండె. పెండ్లి అయినకాన్నుంచి ఒకరికి సెలవుంటే ఇంకొకరికి లేదు. ఆమె డ్యూటీ ఆమె చేతుల లేదు. షాపు నా చేతుల ఉంది. అందుకే నేనే మారిన.”

అయ్యగారు కూసొని చాయ్ తాగిండు, ప్రార్థన జేసి లేసిండు. మెట్లు దిగుతుంటే నాతోని, “ఈ శనివారం తప్పేం కాదమ్మా” అన్నడు. దించిన పులుసు గుర్తుకొచ్చి ఉరికిన.

అర్థమైతే అయింది గని గిరాకీ ఊకుంటదా? ఎదురుంగ ఇంకో మెకానిక్ షాపు ఉంది. శనివారం బండ్లన్ని మెల్లమెల్లగ అటే మలిగినయ్. నీళ్ళతోని బండ్లు కడిగే మిషన్ కొనాలని ఎబినేజర్ ఎన్నాళ్ళ నుంచో అనుకుంటుండె, ఆ ముచ్చట మల్ల ఎత్తలే. నా బజ్జీల పిండి మిగిలిపోతుండె. రోజూ వాన్ని ఒక మాట అనకుంటే నాకు నిద్ర పట్టకపోతుండె.

గట్ల ఉండంగ వచ్చిండు ఫణీంద్ర. ఉప్పల్ రింగ్‌రోడ్డు తాన బండ్ల షోరూం ఆయనది. ఒకనాడు మా రోడ్డు మీద ఆయన బండి ఆగిపోతే ఎబినేజర్ బాగు జేసి పంపిండు. పని నచ్చింది. వారం తిరగకముందే కారేసుకొని వచ్చి నా షాపు బల్ల మీద్నే కూసొని మాట్లాడిండు.

“సర్వీసింగ్ షెడ్డు మొత్తం నువ్వే చూసుకో. మిషన్లు నావి, పనివాళ్ళు నావాళ్ళు, లాభంలో వాటా నీది. నాచారంలో ఈ షట్టర్ ఇంకెందుకు నీకు?”

నాకు పాణం లేసొచ్చింది. వాడు పోతే నా గిరాకీ ఇంకింత పోతది, గదీ తెలుసు. అయినా మంచోనికి మంచి రోజులొచ్చినయని సంబురపడ్డ.

ఎబినేజర్ ఒక్కటే అడిగిండు. “శనివారం నాకు సెలవు కావాలె సార్.”

ఫణీంద్ర పకపక నవ్విండు. “శనివారం లేకపోతే సర్వీసింగ్ ఏముందయ్యా? మిగతా ఏ రోజైనా తీసుకో. శుక్రవారం సాయంత్రంలోగా ఫోన్ చెయ్యి.”

ఆ శుక్రవారం సాయంత్రం వాడు ఏ బండి మీద చెయ్యి పెట్టలే. పానా వట్టుకొని ఊకె కూసున్నడు. వాళ్ళమ్మ లూర్దమ్మ కూరకు వచ్చి నా బల్ల మీద కూసుంది. ఆమె ఎప్పుడు మాట్లాడది, ఎవలన్న మాట్లాడుతుంటే ఇంటది. గంతల షైనీ డ్యూటీ దిగి యూనిఫాం మీద్నే వచ్చింది. వచ్చుడు వచ్చుడే మొగని ముంగట నిలవడ్డది.

“నువ్వు ఒప్పుకో. శనివారం లేకున్నా నాకేం కాదు. మన పక్కన ఎవ్వరు లేరా డ్యూటీలు జేసుకునేటోళ్ళు? వాళ్ళు బతుకుతలేరా?”

“గదే జెప్తున్న నేను గూడ!” అన్న నేను. మధ్యల దూరకుంటే నీరజ ఎట్లయితది?

ఎబినేజర్ తల ఎత్తలే. “బతుకుతరు” అన్నడు, గంతే.

అప్పుడు లూర్దమ్మ నోరు తెరిచింది. కూర పొట్లం ఒడిల పెట్టుకొని, నా దిక్కు జూస్తలేదు, ఎవ్వరి దిక్కు జూస్తలేదు.

“వీళ్ళ నాయిన ఏలియాకు రాత్రి షిఫ్టు. నాకు పొద్దుటి షిఫ్టు, వేరే కంపెనీల. నేను పోయేటాళ్ళకు ఆయన వస్తుండె. ఆయన కంపెనీ గేటు కాడ తాళంచెవి ఆయన చేతిల పెట్టి పోయేది. ఆదివారం ఇద్దరం నిద్రపోయేది. పిల్లలు పెద్దగయిన్రు, ఇల్లు గట్టినం. ఆయన పోయిండు.”

ఒడిల పొట్లం సర్దుకుంది.

“జ్ఞాపకార్థ కూడికల అయ్యగారు నన్ను లేపి, అమ్మా, నీ భర్త గురించి రెండు మాటలు జెప్పు అన్నడు. నిలవడ్డ. మంచోడు అయ్యగారూ అన్న. ఇగ ఏం జెప్పాలె? నాకేం యాదికి రాలే. ఆయనకు ఏ కూర ఇష్టమో నాకు తెల్వది. నేను వండిపెట్టి పోయేదాన్ని. ఆయన తినంగ నేను ఎన్నడు జూడలే. గట్లనే నిలవడ్డ. గీ పోరడు లేసొచ్చి నా చెయ్యి వట్టుకొని కూసోవెట్టిండు.”

రోడ్డు మీద బస్సులు పోతున్నయ్, హారన్లు కొడుతున్నయ్. నాకు కండ్ల నీళ్ళు ఆగలే. ఉల్లిగడ్డలు కోస్తున్ననని జెప్పనీకి గూడ లేదు, ఆ పూట ఉల్లిగడ్డలు కోసుడు ఎప్పుడో అయిపోయింది.

షైనీ అత్త పక్కకు కూసొని ఆమె భుజం మీద తల పెట్టింది. మల్ల ఒప్పుకో అనలే.

ఎబినేజర్ చేతులు కడుక్కొని ఫోన్ తీసిండు. “నమస్తే సార్. శనివారం నాకు కుదరది సార్. ఏమనుకోకున్రి.” అటు దిక్కు ఆయన ఏదో అన్నడు. “సరే సార్” అన్నడు వీడు. ఫోన్ జేబుల పెట్టి పానా వట్టుకున్నడు, బండి కాడ కూసున్నడు. గంతే! ఇంత పెద్ద షోరూం చెయ్యిజారితే మనమైతే వారం రోజులు అన్నం తింటమా? వాడు క్లచ్ వైరు బిగిస్తుండు.

నేనైతే ఆ రోజు నుంచి వాన్ని ఒక్క మాట అనలే. అంటే, శనివారం గురించి అనలే. మిగతావి అంటనే ఉంట.

తరువాత వాడే ఒక ఉపాయం జేసిండు. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు బండి, తాళంచెవి వాని తాన ఇడిసిపెట్టి పోవాలె. ఆ సాయంత్రం కొన్ని, ఆదివారం మధ్యాహ్నం కొన్ని బాగు జేసి పెడతడు. సోమవారం ఆఫీసుకు బండి తయ్యారు. మేడిపల్లి నుంచి వచ్చే ఉదయశ్రీ టీచరమ్మ మొదలు స్కూటీ ఇడిసి బస్సెక్కి పోయింది. గంగాధరరావు సారు, “బండి నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే” అని నడుసుకుంట పోయిండు. తాళాలన్ని గోడ మేకులకు ఏలాడేవి, ఒక్క బండి గూడ గీతవడలే. అందరు తిరిగొచ్చిన్రని అబద్ధం నేను జెప్ప. సగం మంది ఇప్పటికీ ఎదురు షాపుకే పోతరు. బండ్లు కడిగే మిషన్ ఇప్పటికీ కొనలే. నేను శనివారం బజ్జీలు శుక్రవారానికి మార్చుకున్న, ఏం జేస్త మరి?

మొన్న వాళ్ళ పెండ్లిరోజు. ఇంటి డాబా మీద కృతజ్ఞత కూడిక పెట్టుకున్నరు. వంట నాదే. బగారన్నం, కోడికూర, పెరుగుచట్ని. వేడివేడిగ డేగిసలల్ల దించి మూతలు పెట్టి కూసున్న. పాటలైనయ్, వాక్యమైంది. ఇగ వడ్డిద్దమని లేస్తుంటే అయ్యగారు, “షైనీ, నీ భర్త గురించి రెండు మాటలు జెప్పమ్మా” అన్నడు.

షైనీ లేసింది. మొదలువెట్టింది.

ఈయనకు గోడ మీది బల్లి అంటే భయమంట. దవాఖానాల సూది ఏస్తే కండ్లు మూసుకొని ఇంజన్ ఆయిల్ పేర్లు అనుకుంటడంట. కోపమొస్తే ముందుగాల పెరుగన్నం తిని, తరువాత కూరన్నం తింటడంట. చిక్కుడుకాయ ఇష్టం గని ఈనె తీసుడు రాదంట. చిన్నప్పుడు వాళ్ళ నాయిన కంపెనీ గేటు కాడ జామపండు కొనిచ్చిన ముచ్చట శనివారం శనివారం జెప్తడంట, ప్రతిసారి పండు జర పెద్దగయితదంట. మాట్లాడుకుంట మాట్లాడుకుంట మధ్యల్నే నిద్రపోతడంట, లేసినంక ఆ మాట కాడికెల్లే మల్ల అందుకుంటడంట. జనం నవ్వుతున్నరు. ఎబినేజర్ సిగ్గుతోని తల ఒంచుకొని చాప పోగులు పీకుతుండు. నా బగారన్నం సల్లారుతుంది, నేను షైనీకి సైగలు జేస్తున్న, ఆ పిల్ల సూస్తేగా!

అయ్యగారు గడియారం జూసుకొని, “మంచిదమ్మా, చాలు, ప్రార్థన చేసుకుందాం” అన్నడు.

మూలకు కూసున్న లూర్దమ్మ నెత్తి మీది కొంగు సవరించుకొని చెయ్యి ఎత్తింది.

“ఆగున్రి అయ్యగారూ. జెప్పనియ్యున్రి. నేను ఇంటున్న.”

అయ్యగారు కూసున్నడు. నేను గూడ డేగిస మీద మూత మల్ల పెట్టి కూసున్న. షైనీ జామపండు కాడికెల్లి మల్ల మొదలువెట్టింది.