పురిటింట్లో అల్లెలూయ

మా చిన్నప్పుడు ఏటా ఒక మాటను దాచిపెట్టేవాళ్లం... అల్లెలూయ అనే మాటను.

ఈస్టరుకు ముందటి తపస్సు కాలం నలభై రోజులూ ఆ సంబరపు మాట నోట రాకూడదని బాపు, అంటే మా నాన్న, పెట్టిన నియమం. ఆ మాట ఉన్న నోటుపుస్తకాన్ని ముందురోజే గుడ్డలో చుట్టి నా చేతికిచ్చేవాడు. ఇంట్లో పెద్దదాన్ని నేనే. ఎక్కడ దాచానో ఈస్టరు దాకా, మా మాటలో పాస్కా పండుగ దాకా, ఎవరికీ చెప్పకూడదు... అవ్వకు, అంటే మా అమ్మకు కూడా.

సిద్దిపేట నుంచి మిరుదొడ్డి పోయే దారిలో మా ఊరు. నిజాం కాలం నాటి మాట. పూజ చేసే ఫాదరు, మేం స్వామివారు అనేవాళ్లం, ఎప్పుడో గాని వచ్చేవారు కాదు. మా ఏడెనిమిది క్రైస్తవుల ఇళ్లకూ బాపే ఉపదేశి, ప్రార్థన నడిపించేవాడు.

పెళ్లికి ముందు బాపు ఎక్కడో దూరాన ఒక మఠంలో తోటపని చేశాడు. అక్కడి సన్యాసులు రోజుకు ఏడుసార్లు లాటిన్‌లో ప్రార్థనలు పాడేవారట. వాటిలో పాస్కా కాలానివి మాత్రం ఒక స్వామిని అడిగి అడిగి తెలుగు అక్షరాల్లో రాసుకొచ్చాడు. బడిలో చెప్పేది ఉర్దూ... నాకు తెలుగు చదవడం వచ్చింది ఆ పుస్తకంతోనే.

ఆ ఏడు దాన్ని అటక మీది పాత బొంత మడతల్లో పెట్టాను.

పండుగ ముందటి శనివారం పొద్దున బాపు పుస్తకం కోసం చేయి చాపాడు. పైకెక్కి చూస్తే బొంతే లేదు.

"రాజవ్వకిచ్చిన. దాని బిడ్డ కాన్పుకొచ్చింది గదా, మెత్తగుంటదని" అంది అవ్వ. "అండ్ల పుస్తకం ఉన్నదని చెప్పకపోతివేందే?"

"ఎవలకు చెప్పొద్దన్నడు గద బాపు..."

రాగాలన్నీ బాపుకు గుర్తే, మాటలే గుర్తులేవు. "తప్పు మాటలతోని దేవుని ముందట ఎట్ల నిలబడుత" అంటూ గడప మీద కూర్చున్నాడు. తెల్లారితే పండుగ.

రాజవ్వత్తది పక్కిల్లే. పరుగెత్తాను. పుస్తకం భద్రంగా ఉంది. ఆమెకు చదువు రాదు, ఆమె మొక్కే దేవుళ్లు వేరు... అయినా అట్టకు పసుపు బొట్టు పెట్టి, బాలింత తలాపున గూట్లో పెట్టింది.

"రాత ఉన్నది గద బిడ్డా, కాలు తాకొద్దని పైన వెట్టిన."

"తీస్కపోత అత్తా."

"అట్లెట్ల? పురుడెల్లేదాక గీ అర్రలకెళ్లి ఏదీ బయటికి పోదు. ఇంక వారం ఆగాలె."

మగవాళ్లు పురిటి గదిలోకి పోరు. బాపు వచ్చి వాకిట్లో దిగాలుగా నిలబడ్డాడు. ఆయన ముఖం చూసి రాజవ్వత్తే ఉపాయం చెప్పింది.

"పుస్తకం పోదన్న గని, పాట పోదన్ననా? పిల్ల లోపల కూసోని సదువుతది, నువ్వు బయట పాడు. మీ దేవునికి కిటికీలకెళ్లి వినవడదా ఏంది?"

పండుగనాడు పొద్దు పొడవకముందే మా ఇళ్లవాళ్లంతా ఆ కిటికీ కింద నిలబడ్డారు. లోపల వాము పొగ... నేను ఒక్కో వరుస చదువుతుంటే, బయట బాపు అందుకొని రాగం కట్టేవాడు. వెనక అందరి గొంతులు. పసిగుడ్డు మాత్రం మొదటి నుంచి చివరిదాకా గుక్కపట్టి ఏడ్చింది.

ఒకచోట నా గొంతు తడారి ఆగిపోయింది. పిల్లను జోకొడుతూ బాలింత లచ్చక్క అందుకుంది... "అల్లెలూయ". అప్పటికి ఎన్నిసార్లు విన్నదో.

వాకిట్లోంచి రాజవ్వత్త, "మా పిల్లకు గూడ నేర్పితిరి. ఇగ గారెలు మా ఇంటికే ముందుగాల రావాలె" అంది. బాపు పాడుతూనే నవ్వాడు.

నేను తానం చేసి ఇంటికొచ్చాను. వారం తర్వాత పుస్తకమూ వచ్చింది. ఆ పసుపు బొట్టును బాపు తుడవలేదు.

మరుసటేడు తపస్సు కాలం ముందురోజు పుస్తకం చేతికిస్తూ, "రాజవ్వ ఇంట్ల దాయి పో" అన్నాడు. ఆమె ఉన్నన్నాళ్లూ మా అల్లెలూయ ఆ గూట్లోనే ఉండేది...

నాకిప్పుడు ఎనభై దాటాయి. గుడిలో అచ్చు పుస్తకాలున్నాయి, మైకుంది... ఆ పాత పాటలు పాడేవాళ్లే లేరు. నా దగ్గరున్న పుస్తకంలోనూ కొన్ని పేజీలు చెదలు తిన్నాయి. మీ ఇళ్లలో ఎవరైనా రాసిపెట్టుకున్న పాస్కా కాలపు ప్రార్థనలు ఉంటే చెప్పండి, రాసుకొని తిరిగిస్తాను.

వాటిని ఇన్నాళ్లు ఏ గూట్లో, ఎవరు కాపాడారో... అది కూడా చెప్పండి.