షెడ్డు డాక్టరమ్మ

మా ఆవిడ ఏనాడూ పానా పట్టలేదు. పదిహేనేళ్ళుగా మా ట్రాక్టర్ల రిపేరు షెడ్డు ముందు గదిలో కూర్చుని ట్రాక్టరు సామాన్లు అమ్ముతుంది, వచ్చినవాళ్ళ గోడు వింటుంది. అంతే. బోర్డు మీద పేరు నాది, గోళ్ళలో గ్రీజు నాది. అందరికీ డాక్టరమ్మ మాత్రం ఆవిడ.

ఇదంతా ఇటుకబట్టీ ఆయన పాత ట్రాక్టరుతో మొదలైంది. అరగంట నడిచి ఆగిపోయేది, కాసేపటికి మళ్ళీ స్టార్టయ్యేది. నేను డీజిల్ పంపు మూడుసార్లు విప్పాను. మా ఆవిడ బయటికొచ్చి, ట్యాంకు మూత ఎప్పుడు మార్చారని అడిగింది. పాతది పోతే ఏదో డబ్బా మూత బిగించాడట. దానికి గాలి రంధ్రం లేదు, అందుకే డీజిల్ కిందికి దిగడం లేదు. మూత వదులు చేశాక బండి సాయంత్రం దాకా ఆగితే ఒట్టు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, లోపల కుతకుత ఉడికిపోతూ.

ఆ తర్వాత బండి తెచ్చినవాళ్ళు ముందు ఆవిడకి చెప్పుకుని, ఆనక నాకు తాళం ఇచ్చేవాళ్ళు. నా షెడ్డులో నేనే కాంపౌండర్నయ్యాను.

మొన్న అదే బండి గరగరమంటూ వచ్చింది. బట్టీ ఆయన ఇంజను ఆపి, నా వైపైనా చూడకుండా, "డాక్టరమ్మ లేరా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఊళ్ళో లేదు," అన్నాను. షెడ్డు వెనకే మా వంటగది. అక్కడ కూరగాయలు తరిగే చప్పుడు ఆగిపోయింది.

ఇంజను కింది భాగం విప్పాను. రెండు రోజులు బేరింగులు ఒక్కొక్కటే చూశాను. ఆ రెండు రోజులూ ఆవిడ ముందు గదిలోకి రాలేదు. బేరింగులన్నీ బాగున్నాయి. బిగించి స్టార్ట్ చేస్తే మళ్ళీ అదే గరగర. తల కొట్టేసినట్టయింది. ఇటుకలన్నీ బట్టీలోనే ఉండిపోయాయని ఆయన మొత్తుకుంటున్నాడు. చేసేది లేక వంటగదిలోకి వెళ్ళి, ఒక్కసారి వచ్చి వినమన్నాను.

"నేను ఊళ్ళో లేనుగా," అంది తలెత్తకుండా.

బయటికొచ్చి బట్టీ ఆయనతో చెప్పేశాను. "తను ఇంట్లోనే ఉందండీ. మీరు తనని అడిగారని కుళ్ళుకుని అబద్ధం చెప్పాను."

చేతులు తుడుచుకుంటూ మా ఆవిడ వచ్చింది. కాసేపు విని, నన్ను క్లచ్ తొక్కమంది. తొక్కగానే గేరుబాక్సుకి ఇంజనుతో లంకె తెగి, చప్పుడు పోయింది. లోపం ఇంజనులో లేదు, దాని వెనక గేరుబాక్సు బేరింగులో ఉంది.

బట్టీ ఆయన నన్నేదో అనబోయాడు. మా ఆవిడ అడ్డుపడింది.

"ఆయన రెండు రోజులు కష్టపడి ఇంజనులో ఏమీ లేదని తేల్చారు కాబట్టే నాకు తేలికైంది," అంది.

ఆ మాటకీ నాకు కుళ్ళే. పదిహేనేళ్ళలో తన గురించి అలాంటి మాట ఒక్కటైనా నా నోట రాలేదు.