జగదీశ్వర్ ముందరి పళ్ళు

సుల్తాన్ బజార్‌లోని ఒక చీరల దుకాణంలో జగదీశ్వర్ సేల్స్‌మన్. చీర మడత విప్పకముందే సగం అమ్మేస్తాడని యజమానికి అతనంటే గురి. అంతలా మాట్లాడే మనిషి పెదవులు విచ్చి నవ్వగా మాత్రం ఎవరూ చూడలేదు. వానాకాలంలో నారాయణగూడ చౌరస్తాలో మక్కకంకులు కాలుస్తుంటే ఇంట్లో అందరికీ కొంటాడు. మిగతావాళ్ళు కొరుక్కుని తింటారు. అతను గింజలు ఒలుచుకుని ఒక్కొక్కటే దవడ పళ్ళ కిందికి తోసుకుంటాడు.

"మా డాడీ కంకి తినేసరికి వాన గూడ ఎల్లిపోతది" అని కూతురు తన్మయి వెక్కిరిస్తుంది.

అతని పై వరుసలో ముందరి నాలుగు పళ్ళూ పెట్టుడువి. ఇరవై ఏడో ఏట చిగుళ్ళు వదులై, ఆ నాలుగూ ఒకదాని వెనక ఒకటి కదిలిపోతే, తెలిసినవాళ్ళ కంట పడకుండా సికింద్రాబాద్ వెళ్ళి తీయించుకున్నాడు. అప్పుడే పెళ్ళిసంబంధం ఒకటి వచ్చింది.

"గీ వయసుల పండ్లూడినయంటే పిల్లనెవరిస్తర్రా? ఎవరికీ చెప్పకు" అంది తల్లి యశోదమ్మ.

పెళ్ళిచూపుల నాటికి పెట్టుడు పళ్ళ సెట్టు తయారైంది. చెల్లెలు దమయంతి అప్పటికి చిన్నపిల్ల. అన్నకు నోరు పూసిందని, అందుకే రెండు పూటలా పెరుగన్నం తింటున్నాడని ఆమెకు చెప్పారు. యశోదమ్మ పోయాక ఆ సంగతి తెలిసింది తనొక్కడికేనని జగదీశ్వర్ నమ్మకం. రాత్రిళ్ళు తీసి నీళ్ళలో పెట్టాల్సిన సెట్టును నోట్లో ఉంచుకునే పడుకునేవాడు. పొద్దున అందరికంటే ముందు లేచి, స్నానాల గది గడియ వేసుకుని కడుక్కునేవాడు. భార్య నవత ముందు కూడా ఏనాడూ తీయలేదు.

దమయంతి చదువుకుని ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరైంది. అన్నావదినలతోనే ఉంటోంది. తొంభై అయిదులో పళ్ళు తోముకుంటుంటే రక్తం పడుతోందని చెబితే, జగదీశ్వర్ ఆమెను స్కూటరు మీద చిక్కడపల్లిలో డాక్టర్ సుహాసిని దగ్గరికి తీసుకెళ్ళాడు. సుహాసినిది కోస్తా నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో స్థిరపడిన కుటుంబం. ఏ జబ్బయినా విడమరిచి చెప్పే అలవాటున్న మనిషి.

గీతలున్న సన్నటి పుల్లలాంటి పరికరాన్ని ఒక్కో పంటి పక్కనా దింపి చూసింది. "పంటికీ చిగురుకీ మధ్య అందరికీ చిన్న సందు ఉంటుందమ్మా. మూడు మిల్లీమీటర్ల లోపయితే ఫరవాలేదు. చిగురు వాచి రక్తం వచ్చినా, లోపల ఎముక బాగుంటే శుభ్రం చేస్తే తగ్గిపోతుంది. సందు లోతవుతుంటే మాత్రం ఎముక కరుగుతున్నట్టు. కాస్త కరిగితే తొలిదశ. ఇంకొంచెం పోతే మధ్యదశ. పళ్ళు కదిలేదాకా వస్తే ముదిరినట్టు. నీకు కొన్నిచోట్ల అయిదు దాకా దిగింది. మధ్యదశ అనుకో."

తర్వాత ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి కాసేపు చూసింది. "జబ్బు ఎంత ఉందో కొలిస్తే తెలుస్తుంది. ఎంత జోరుగా పోతోందో ఒక్కరోజు కొలిస్తే తెలీదు. నీ వయసు చిన్నది, పళ్ళకి గార కూడా పెద్దగా లేదు. ఇంత తక్కువ గారకి ఇంత ఎముక పోకూడదు. అందుకే అడుగుతున్నా. మీ ఇంట్లో చిన్న వయసులో ఎవరికైనా పళ్ళు ఊడాయా?"

అడిగింది దమయంతిని. ఆమె నోట్లో దూది ఉంది. లేకపోయినా ఆమె వంతు వచ్చేది కాదు. బ్యాంకులో అడిగినా, బస్సులో అడిగినా, పక్కన అన్న ఉంటే జవాబు చెప్పేది అన్నే. ఆ ఇంటి పద్ధతి అది.

"లేదు మేడం" అన్నాడు జగదీశ్వర్. "మావోళ్ళయి గట్టి పండ్లు. మా అమ్మ పోయేదాంక బొక్కలు కొరికింది."

డాక్టర్ నవ్వింది. "అయితే నెమ్మదిగా పోయే రకమే అయ్యుంటుంది. శుభ్రం చేస్తాను, ఆరు నెలలకి రండి."

ఇంటికి వచ్చేదారిలో చెబుదామని రెండుసార్లు స్కూటరు వేగం తగ్గించాడు. చెప్పలేదు. ఆరు నెలల గడువు వచ్చేసరికి దుకాణంలో పెళ్ళిళ్ళ గిరాకీ. తర్వాత దమయంతికి పరీక్షల పేపర్లు దిద్దే పని. ఆమె గుర్తు చేసినప్పుడల్లా, "నెమ్మదిగ పోయే రకమని డాక్టరమ్మ చెప్పలే? ఉత్తగ పరేషాన్ కాకు" అనేవాడు.

మరుసటి వానాకాలం మక్కకంకి కొరుకుతూ దమయంతి ఆగిపోయింది. కింది వరుసలో ముందరి పన్ను కదిలింది.

సుహాసిని ఈసారి రెండు ఎక్స్‌రేలూ పక్కపక్కన పెట్టి చూసింది. అయిదున్న చోట ఎనిమిది దిగింది. ఎముక సగానికి పైగా పోయింది. "ముదరడం ఒక ఎత్తు. ఏడాదిలో ఇంత పోవడం ఇంకో ఎత్తు. ఇది జోరుగా పోయే రకం. సాధారణంగా ఒకే ఇంట్లో ఒకరిద్దరికి కనిపిస్తుంటుంది. మీ ఇంట్లో ఎవరికీ లేదన్నారే?"

జగదీశ్వర్ గోడవైపు తిరిగాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి సెట్టు అతని అరచేతిలో ఉంది. "నాకున్నది మేడం" అన్నాడు. చీరల మీద గంటలకొద్దీ నడిచే మాట, ఆ నాలుగు పళ్ళు లేక గాలిగా వచ్చింది.

సుహాసిని ఆ సెట్టు వైపు, మళ్ళీ ఎక్స్‌రేల వైపు చూసింది. "ఆరోజే చెప్పుంటే మూడు నెలలకే పిలిచేదాన్ని. మందులు కూడా అప్పుడే మొదలుపెట్టేదాన్ని. నాకూ అనుమానం వచ్చింది. మీ మాట విని వదిలేశాను" అంది. తర్వాత అడిగింది, "మీకు పిల్లలున్నారా?"

"ఒక బిడ్డ."

"తీసుకురండి. ఇంట్లో చెప్పి తీసుకురండి."

మెట్లు దిగుతుంటే దమయంతి అంది, "నోరు పూసిందన్నరు. నా పెరుగు గూడ నీకే పోసిన."

"తిట్టు చెల్లె."

"తిడితే నిలబడ్తదా పన్ను? డాక్టరమ్మ అడిగింది నన్ను. జవాబు నువ్వు చెప్పినవ్. నాకంటూ ఒక నోరుంటదని ఎన్నడన్న యాదికొచ్చిందా నీకు?"

ఆ సాయంత్రం నవత బట్టలు మడతపెడుతుంటే పక్కన కూర్చుని అంతా చెప్పాడు. ఆమె చేతులు ఆగలేదు.

"మీ పండ్ల సంగతి నాకెరుకనే. పెండ్లైన ఏడే మీకు జరమొచ్చి సోయిలేకుంట పడుకున్నప్పుడు చూసిన."

"మరి అడగలేదేంది?"

"చిన్నబోతరని." ఇంకో చీర మడిచింది. "డాక్టరమ్మ గిట్ల అడిగిందని ఆనాడు ఇంటికొచ్చి ఒక్క మాటంటే అయిపోతుండె. నేనే పోయి చెప్తుంటి. చెల్లె పండ్ల కన్న మీ షాన్ ఎక్కువైందా?"



తన్మయికి ఏమీ లేదని తేలింది. ఏడాదికోసారి చూపించమంది డాక్టర్. దమయంతికి కింది ముందరి పళ్ళు రెండు తీసేయాల్సి వచ్చింది. మిగతావాటికి చిగురు విప్పి, వేళ్ళ దాకా శుభ్రం చేసి కుట్టారు. అవి నిలిచాయి. మూడు నెలలకోసారి ఆమె చిక్కడపల్లికి ఒక్కతే వెళ్ళి వస్తుంది. అతను స్కూటరు తీయబోతే వద్దంటుంది.

ఆమెకూ సెట్టు వచ్చింది. ఆ తర్వాతి వానకు జగదీశ్వర్ నలుగురికీ కంకులు తెచ్చాడు. దమయంతి తన కంకిని చేతిలో తిప్పుతూ కూర్చుంది.

"అన్నా, సెట్టుతోని కంకి ఎట్ల తినాలె?"

తన్మయి వింటోంది. నవత చూస్తోంది. అతను ఆమె చేతిలోంచి కంకి తీసుకున్నాడు.

"ముంగట కొరకొద్దు, లేస్తది. గింజలు ఒలుసుకో. రెండు పక్కలా సమానంగ నమలాలె. రాత్రిపూట తీసి నీళ్ళల్ల పెట్టు. నా లెక్క నోట్లనే పెట్టుకొని పండకు."

"నీ లెక్క నేనెందుకు చేస్త?" అంది దమయంతి.

అతను తల దించుకుని, కంకి అయిపోయేదాకా గింజలు ఒలిచి ఆమె గిన్నెలో వేశాడు.

ఇప్పుడు ఆ ఇంటి వంటగది గూట్లో పడుకునేవేళకు రెండు నీళ్ళ గ్లాసులుంటాయి. జగదీశ్వర్ తన గ్లాసు మీద మూత పెడతాడు. పక్క గ్లాసు వైపు చూడకుండా లైటు ఆర్పుతాడు.